బాలింత గుండెమంటపై బహిరంగ విచారణ

పర్లాకిమిడిలో మెడికల్ షాపంటే మందులమ్మే చోటనుకుంటే పొరపాటు. అది హైకోర్టు. పాలిచ్చే తల్లి ఎవరైనా గుండెల్లో మంటకి పాంటాప్రజోల్ రాసిన చీటీ పట్టుకుని అక్కడికెళ్తే, ఆ రోజు ఫుల్ బెంచే.

మొన్న చూశాను. కౌంటర్ కుర్రాడు చీటీ సగం చదివి, "ఏటమ్మా, పాలిస్తన్నారా?" అన్నాడు. అవునంది. వెంటనే మాత్రల అట్ట వెనక్కి లాక్కున్నాడు, పేలిపోతుందేమోనన్నట్టు. దగ్గుమందు కోసం వచ్చిన పెద్దాయన "పాలల్లోకి దిగిపోద్ది" అని తీర్పు చెప్పేశాడు. ఆయన అర్హత ఏమిటంటారా? నలుగురు పిల్లల తండ్రి. పాతపట్నం నుంచి వచ్చిన ఒకావిడ "మా కాలంలో ఈ మంటలు లేవేటి?" అని సాక్ష్యం చెప్పి, సంచిలోంచి నలిగిపోయిన రానిటిడిన్ అట్ట తీసి "ఇదైతే మంచిదమ్మా, ఎప్పట్నుంచో ఉన్నదే" అంది. మలినం భయంతో 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీయించిన మందది. మన జాతీయ అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో పోయింది. ఆ సంచిలోంచి పోలేదు. ఇంతలో ఒడియాలో ఇంకో సలహా వినిపించింది. భాష వేరైనా సారం అదే, మాత్ర వద్దని. 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపినప్పటి నుంచి ఇంత ఏకాభిప్రాయం నేను వినలేదు.

సభ నడుస్తుండగానే, పెళ్ళిభోజనంలో మటన్ దంచి వచ్చిన బావగారొకాయన "గ్యాస్ మాత్రలు ఒక అట్ట" అన్నాడు. చీటీ లేదు, ప్రశ్న లేదు. ఇచ్చింది కూడా డోంపెరిడోన్ కలిపిన రకం. గుండెజబ్బు ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వాడాల్సిన మందు. "గుండె ఎలా ఉంది సార్?" అని ఒక్కడూ అడగలేదు.

తెలియకపోతే చెప్తాను, వినండి. పాంటాప్రజోల్, అదే కోవకి చెందిన ఒమెప్రజోల్ పాలల్లోకి చేరేది చాలా కొంచెం. పైగా యాసిడ్ తగిలితే ఇవి నిలవవు, మాత్రకి పైపూత వేసేది అందుకే. పాలతో వెళ్ళిన ఆ కాస్తా పాప పొట్టలోనే చాలావరకు విరిగిపోతుంది. ఇదే మంటకి వాడే ఇంకో మందు ఫామోటిడిన్‌నైతే అవసరమైనప్పుడు డాక్టర్లు నెలల పిల్లలకే నేరుగా ఇస్తారు. తల్లిపాలలో వచ్చేది ఆ మోతాదు కన్నా బాగా తక్కువ. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: పాప నెలలు నిండాక పుట్టిందా, తల్లి ఇంకేం మందులు వాడుతోంది? అవి డాక్టరు అడిగే రాశారు.

ఇంటికెళ్తే శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు దంచి చేసిన బాలింత కాయం ముద్ద తినాలి. అందులో ఏం పాలల్లోకి పోతుందని ఈ కోర్టు ఏనాడూ అడగలేదు.

అసలు మీకేం తెలుసయ్యా? రాత్రి పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నుతుంది. కూర్చునే తెల్లారుస్తుంది. ఆ కూర్చోవడంలోనే నాలుగుసార్లు పాపకి పాలిస్తుంది. అలాంటి మనిషి మంట తగ్గే దారి చీటీ మీద రాయించుకుని వస్తే, పాప మీద ప్రేమంతా మీకే ఉన్నట్టు అడ్డం పడతారా? మాత్ర మానెయ్, లేకపోతే పాలు మానెయ్ అనడానికి మీరెవరు?

ఆమె చీటీ మడిచి వెనుదిరిగింది. కుర్రాడు పిలిచాడు. మాత్ర ఇస్తాడేమో అనుకున్నాను. పైఅరలోంచి పాలడబ్బా దించి "దీని మీద డిస్కౌంటుందమ్మా" అన్నాడు. పసిపిల్లల డబ్బాపాలని అలా తగ్గింపు ఆశ చూపి అమ్మడం 1992 నాటి చట్టం ప్రకారం మన దేశంలో నేరం.