నిజం రెండు పత్రికల మధ్యలో లేదు

తెలుగు పత్రికల విశ్వసనీయత గురించి కొన్నేళ్లుగా చేతులు మారుతూ వస్తున్న సందేశం ఒకటుంది. దాని సారాంశం ఇది: ఒకప్పుడు పత్రికలు నిష్పక్షపాతంగా ఉండేవి, పార్టీల చేతుల్లోకి వెళ్లాకే చెడిపోయాయి, కాబట్టి పొద్దున్నే ‘ఈనాడు’, ‘సాక్షి’ రెండూ ముందేసుకుని చదివితే నిజం మధ్యలో ఎక్కడో దొరుకుతుంది, అంత ఓపిక లేనివారు చందా మానేస్తే చాలు, పత్రికలు వాటంతటవే దారికొస్తాయి, ఎలాగూ జనం వాటిని నమ్మడం మానేశారు, నిజాలు ఫోన్‌లోనే తెలుస్తున్నాయి. ఈ మాటల వెనుక ఉన్న విసుగు న్యాయమైనదే. అయితే ఒక్కో మాటనూ విడదీసి చూస్తే, ఈ సందేశం వేలు పెట్టి చూపిస్తున్న చోట రోగంలో సగమే ఉందని, అది కూడా అందరికీ కనబడే సగమేనని తేలుతుంది.

మొదటి మాట, పూర్వపు పత్రికల నిష్పాక్షికత. తెలుగు పత్రికారంగం గర్వంగా చెప్పుకునే పేర్లేవీ నిష్పక్షపాతానికి పుట్టినవి కావు. 1902లో బందరులో మొదలైన ‘కృష్ణా పత్రిక’, 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు వారపత్రికగా ప్రారంభించి 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చిన ‘ఆంధ్రపత్రిక’ జాతీయోద్యమ పక్షాన నిలబడ్డాయి. నిలబడ్డామని చెప్పుకున్నాయి కూడా. ‘విశాలాంధ్ర’, ‘ప్రజాశక్తి’ కమ్యూనిస్టు పార్టీల పత్రికలని వాటిని కొనే ప్రతి ఒక్కరికీ తెలుసు. 1982లో ఎన్టీ రామారావు పార్టీ పెట్టినప్పుడు ‘ఈనాడు’ ఎవరివైపు ఉందో ఆనాటి పాఠకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఇక జాతీయ పత్రికల స్వర్ణయుగం సంగతి: 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు సంపాదకీయం స్థలాన్ని ఖాళీగా వదిలి నిరసన తెలిపిన ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ను ఇప్పటికీ తలచుకుంటున్నామంటే, అలా చేసినవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే కాబట్టి. పక్షం ఉండటం కొత్త కాదు. పక్షం ఏదో చెప్పి రాసినంతకాలం పాఠకుడు తన లెక్క తాను వేసుకోగలిగాడు.

రెండో మాట, పార్టీల యాజమాన్యమే రోగమనడం. ‘ఆ రెండు పత్రికలు’ అంటూ ‘ఈనాడు’, ‘ఆంధ్రజ్యోతి’లను సభల్లో దుయ్యబట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగానే, 2008 మార్చిలో, ఆయన కుమారుడి సంస్థ నుంచి ‘సాక్షి’ వచ్చింది. అన్ని పేజీలూ రంగుల్లో, ధర రెండు రూపాయలు. 2011లో ‘నమస్తే తెలంగాణ’ వచ్చింది. వీటి మొగ్గు ఎటో వీధి చివర టీ కొట్టులో కూర్చున్నవారు కూడా చెబుతారు. ఇంత బహిరంగమైన దానివల్ల జరిగే నష్టం లేదని అనను. ఒకే సభకు ఒక పత్రికలో జనసంద్రం, మరో పత్రికలో ఖాళీ కుర్చీలు కనిపిస్తే చదివేవారికి విసుగు పుట్టక మానదు. కాని మొగ్గు తెలిసిన రాతను వడగట్టుకోవచ్చు. డబ్బు తీసుకుని, ఆ సంగతి దాచి, వార్త రూపంలో అచ్చువేసిన రాతను ఎలా వడగట్టుకోవాలి?

ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 2009 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పాత్రికేయుల సంఘమే పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వే చేసి, అభ్యర్థుల నుంచి సొమ్ము తీసుకుని వార్తలు వేశారన్న విషయాన్ని బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేసింది. అందులో ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, మరొకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. పత్రికల పేర్లతో సహా వారు ఇచ్చిన 71 పేజీల నివేదికను 2010 జులైలో కౌన్సిల్ పక్కనపెట్టి, పేర్లు లేని చిన్న నివేదికను విడుదల చేసింది. పూర్తి పాఠం ప్రజల ముందుకు రావడానికి మరుసటి ఏడాది కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. ఆ పేర్లను దాచాలనుకున్నది ఏదో ఒక పార్టీ కాదు, పత్రికల తప్పొప్పులు చూడవలసిన సంస్థే. ‘పార్టీ పత్రికల వల్లే చెడింది’ అనేవారు ఈ ఒక్క సంఘటనను తమ వాదనలో ఎక్కడ ఇముడ్చుకుంటారో చెప్పాలి.

మూడో మాట ఈ సందేశానికి ప్రాణం వంటిది: రెండూ చదివితే నిజం మధ్యలో దొరుకుతుందనేది. వినడానికి తూకంగా, పెద్దమనిషి తరహాగా ఉంటుంది కాబట్టి దీన్ని ఎవరూ ప్రశ్నించరు. ఇందులో మూడు లోపాలున్నాయి.

ఒకటి, చాలా వార్తలకు మధ్య అనేదే ఉండదు. జీవో వచ్చిందా లేదా, న్యాయస్థానం స్టే ఇచ్చిందా లేదా, టెండరు ఎవరికి దక్కింది అన్నవాటికి ఒకటే జవాబు. ఒక పత్రిక సరిగ్గా రాసి, మరొకటి తప్పు రాసినప్పుడు ‘మధ్యలో తీసుకునే’ పాఠకుడు సరైన దానిని సగం తప్పుగా, తప్పును సగం నిజంగా మార్చుకుంటాడు. దీని లాభమంతా ఎక్కువ అబద్ధం ఆడినవాడికే. ఒక పక్షం ఎంత దూరం జరిగితే మధ్యబిందువు అంత తనవైపు జరుగుతుందని గ్రహించడానికి గణితం అక్కర్లేదు.

రెండోది, పోటీ పత్రికలు వేర్వేరు మాటలు చెబుతాయన్న నమ్మకం. 2009 మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల సమయంలో అప్పటి ముఖ్యమంత్రి అశోక్ చవాన్‌ను కీర్తించే ఒకే వ్యాసం పరస్పరం పోటీపడే మూడు మరాఠీ దినపత్రికల్లో దాదాపు అక్షరం పొల్లుపోకుండా వచ్చిన సంగతిని పాత్రికేయుడు పి. సాయినాథ్ ‘ది హిందూ’లో బయటపెట్టారు. పేజీలకు పేజీలు ఆయన గుణగానం వచ్చిన ఆ ఎన్నికల్లో పత్రికా ప్రకటనలకు అయిన ఖర్చు 5,379 రూపాయలని చవాన్ లెక్క చూపారు. డబ్బిచ్చి రాయించుకున్నారన్న ఆరోపణను ఆయన ఒప్పుకోలేదు. ఎన్నికల సంఘం 2014లో ఇచ్చిన నోటీసును ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది కూడా. న్యాయపరంగా ఎటు తేలినా, ఆ వారంలో మహారాష్ట్రలో రెండు కాదు, మూడు పత్రికలు తెప్పించుకున్న జాగ్రత్తపరుడైన పాఠకుడికి దక్కింది ఒకే వ్యాసం మూడు ప్రతులు. మధ్యలో వెతుక్కోవడానికి అతనికి ఏమీ మిగల్లేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. పత్రికలు పోట్లాడుకునేవి రాజకీయాల మీదే. మౌనం పాటించేటప్పుడు కలిసే పాటిస్తాయి. పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాడు మొదటి పేజీని కప్పేసే కార్పొరేట్ కళాశాలల ర్యాంకుల ప్రకటనలు ఒక్క పత్రికకే వెళ్లవు. స్థిరాస్తి సంస్థలవీ అంతే. ఆ ప్రకటనకర్తల మీద విమర్శ రాయాలంటే ఏ పక్షం పత్రికకైనా చెయ్యి వెనక్కే పోతుంది. జాతీయ స్థాయిలో ఇది ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ప్రకటనల స్థలానికి బదులుగా కంపెనీల వాటాలు తీసుకునే ఒప్పందాలను టైమ్స్ ఆఫ్ ఇండియా యాజమాన్యం ఆరంభించగా, ఇతర సంస్థలు కూడా ఆ దారి పట్టాయి. తనకు వాటా ఉన్న కంపెనీ గురించి రాసేటప్పుడు ఆ సంగతి పాఠకుడికి చెప్పితీరాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పట్టుబట్టవలసి వచ్చింది. వ్యాపార పేజీలోని వార్త వెనుక పత్రిక సొంత ఆస్తి ఉందో లేదో మరో పత్రిక చదివితే తెలియదు. ఆ మరో పత్రికకు కూడా అలాంటి ఆస్తే ఉండవచ్చు.

జిల్లా పేజీల దగ్గర పరిస్థితి ఇంకా నేలబారుగా ఉంటుంది. మండలంలో వార్త రాసే విలేకరికి చాలా చోట్ల జీతం ఉండదు. అచ్చయిన వరుసల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్ కింద వచ్చేది పెట్రోలుకు కూడా చాలదు. పైగా ప్రత్యేక సంచికలు వచ్చినప్పుడు ఇంత ప్రకటన తేవాలని లక్ష్యం ఉంటుంది. వార్త రాయవలసిన నాయకుడి దగ్గరికే ప్రకటన కోసం చెయ్యి చాచవలసిన మనిషి రేపు ఆ నాయకుడి మీద ఏం రాస్తాడు? ఈ ఏర్పాటు ఒక పార్టీ పత్రికకు పరిమితం కాదు. విశ్వసనీయత గురించి మాట్లాడేవారు హైదరాబాదులోని యజమానుల పేర్లు వల్లించడం మాని ఈ లైన్ అకౌంట్ల సంగతి ఎత్తితే చర్చ కొంతైనా ముందుకు సాగుతుంది.

‘జనం పత్రికలను నమ్మడం మానేశారు’ అన్న మాట మీద ఎక్కువ చెప్పనవసరం లేదు. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2023 సర్వేలో భారత్‌లో వార్తలను మొత్తంమీద నమ్ముతామన్నవారు 38 శాతం. అది గొప్ప అంకె కాదు. కాని అదే సర్వేలో విడివిడిగా సంస్థల పేర్లు చెప్పి అడిగితే పాత అచ్చు పత్రికలూ ప్రభుత్వ ప్రసార సంస్థలూ పైవరుసలో నిలిచాయి. అదీగాక ఆ సర్వే ఆంగ్లం వచ్చిన ఆన్‌లైన్ పాఠకుల మీద చేసినది. తెలుగు దినపత్రిక మాత్రమే చదివే రైతు అందులో లేడు. నమ్మకం పోలేదు, దుర్వినియోగం అవుతోంది. ఓటు వేసే ముందురోజు వార్తలాంటి ప్రకటన కోసం అభ్యర్థి డబ్బు ఖర్చు పెడుతున్నాడంటే పత్రికను నమ్మేవారు ఇంకా ఉన్నారనేకదా. ఫోన్‌లో నిజాలు తెలుస్తున్నాయన్న మాటకు 2018 చాలు: పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ తిరిగిన సందేశాల వల్ల దేశంలో అనేకచోట్ల, మన రెండు రాష్ట్రాల్లోనూ, అమాయకుల మీద గుంపులు పడ్డాయి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా మన దేశంలో పరిమితి పెట్టింది.

చివరి మాట, చందా మానేస్తే దారికొస్తాయన్నది. పత్రిక ధర దాని ఉత్పత్తి ఖర్చుకు సరిపోదు; తేడాను ప్రకటనలు భరిస్తాయి; ప్రకటనకర్తల్లో అతిపెద్దవాడు తరచుగా ప్రభుత్వమే. ‘ది హిందూ’, ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’, ‘టెలిగ్రాఫ్’ పత్రికలకు కేంద్ర ప్రకటనలు నిలిచిపోయాయని 2019 జూన్‌లో రాయిటర్స్ రాసింది. ఆ స్థాయి పత్రికలకే అది దెబ్బ అయినప్పుడు మీ ఒక్క చందా ఎంత? పైగా పాఠకుడు ఖాళీ చేసిన చోట ప్రభుత్వమే కొనుగోలుదారుగా కూర్చోవచ్చు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎక్కువ సర్క్యులేషన్ గల పత్రిక కొనుక్కోవడానికి గ్రామ, వార్డు వాలంటీర్లకు నెలకు తలా 200 రూపాయలు మంజూరు చేసింది. ఇది ‘సాక్షి’ సర్క్యులేషన్ పెంచడానికేనని ఆరోపిస్తూ ‘ఈనాడు’ ప్రచురణ సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. 2023లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది.

కాగా, శిక్ష ఎక్కడ పడిందో కూడా చూడాలి. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ నుంచి 2007లో గెలిచిన ఉమ్లేశ్ యాదవ్, ‘దైనిక్ జాగరణ్’, ‘అమర్ ఉజాలా’ల్లో వార్త రూపంలో వచ్చిన ప్రచారం ఖర్చును లెక్కల్లో చూపనందుకు 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆమెపై మూడేళ్ల అనర్హత వేటు వేసింది. ఓడిన అభ్యర్థి ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడంతో మొదలైన వ్యవహారమది. అచ్చువేసిన పత్రికలను మందలించడానికి మించి చేయడానికి 1978 నాటి చట్టం ఆ కౌన్సిల్‌కు అధికారం ఇవ్వలేదు. అంటే కొన్న చేతికి శిక్ష, అమ్మిన చేతికి హితవు. అయినా ఆ ఫిర్యాదుకు ఫలితం వచ్చింది కాబట్టి, చందా మానేయాలనుకునేవారు దానికి ముందు చేయదగిన పని ఒకటుంది. ఏ పత్రికకు ఏటా ఎంత ప్రకటన సొమ్ము చెల్లించారో చెప్పమని తమ రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖకు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు.