సవరణ: క్రేన్ తాడు లెక్కలో నా పొరపాట్లు

బెంగళూరు మారతహళ్ళి దగ్గర రాత్రిపూట క్రేన్‌తో మెట్రో గర్డర్ (వంతెనకు వేసే పొడవైన దూలం) ఎత్తడం చూసి నిన్న ఉత్సాహంగా ఒక పోస్టు రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది: "గర్డర్ పైకి వెళ్తున్నంతసేపూ తాడు దాని బరువు కంటే ఎక్కువ బలంతో లాగుతూనే ఉండాలి" అన్నాను. కాదు. కదలిక మొదలై వేగం పెరిగేటప్పుడే ఆ అదనపు బలం కావాలి. వేగం నిలకడగా ఉంటే తాడులో టెన్షన్, అంటే అది లాగే బలం, సరిగ్గా బరువుకు సమానం. గర్డర్ 50 టన్నులనుకుందాం. బెంగళూరులో గురుత్వ త్వరణం సుమారు 9.78 కాబట్టి బరువు 4,89,000 న్యూటన్లు. ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు 0.1 మీటరు చొప్పున పెంచితే అదనంగా పడేది 5,000 న్యూటన్లు మాత్రమే, అంటే ఒక్క శాతం. ఆగబోతున్నప్పుడు టెన్షన్ బరువు కంటే తగ్గుతుంది కూడా. ఇంటర్‌లో లిఫ్ట్ లెక్కలు అన్ని చేసి నేనిలా రాశానంటే సిగ్గుగానే ఉంది.

రెండోది ఇంకా పెద్ద తప్పు. కొక్కెం నుంచి గర్డర్‌ను పట్టుకునే రెండు స్లింగులు (కట్టుతాళ్ళు) ఉంటే చెరో 25 టన్నులు మోస్తాయని రాశాను. అవి నిలువుగా ఉంటేనే అది నిజం. వాలుగా ఉంటే ఒకదాన్నొకటి పక్కకు కూడా లాగుతాయి. నేలతో 60 డిగ్రీల కోణంలో ఒక్కో దాని మీద దాదాపు 29 టన్నులు, 30 డిగ్రీలైతే ఏకంగా 50 టన్నులు! బట్టలారేసిన దండెం ఎంత బిగుతుగా కడితే అంత తొందరగా తెగేది ఇందుకే. పొడవైన గర్డర్లకు పైన అడ్డంగా ఇనుప దూలం పెట్టి, దాన్నుంచి స్లింగులు నిలువుగా వేలాడేలా చేసి ఎత్తేదీ అందుకే.

పాత పోస్టులో ఆ రెండు పేరాలు కొట్టేశాను.