గుర్తింపు వేరు, గ్రాంటు వేరు
డీపీఐఐటీ (స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ విభాగం) గుర్తింపు దొరికితే స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్, అంటే కొత్త కంపెనీలకిచ్చే తొలి నిధి కింద 20 లక్షల గ్రాంటు చేతికొచ్చినట్టేనని ఒక వ్యాసంలో రాశారు, అది సరికాదు. గుర్తింపుతో వచ్చేది దరఖాస్తుకు అర్హత మాత్రమే, ఎంపిక చేసేది ఇంక్యుబేటర్ (స్టార్టప్‌లకు తొలినాళ్లలో అండగా ఉండే సంస్థ) కమిటీ. ఒకేసారి మూడు ఇంక్యుబేటర్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ అప్పటికి కంపెనీ రిజిస్టరై రెండేళ్లు దాటకూడదు. ఆ డబ్బైనా విడతలుగా, మైలురాళ్లు (ముందే ఒప్పుకున్న పని దశలు) చేరితేనే ఇస్తారు. హార్డ్‌వేర్ (పరికరాలు తయారుచేసే) స్టార్టప్‌ల వాళ్లు దెబ్బతినేది ఇక్కడే. దరఖాస్తులో మైలురాయిగా "ప్రోటోటైప్ (తొలి నమూనా) పూర్తి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మొదటి పీసీబీలో (విడిభాగాలు అమర్చే సర్క్యూట్ బోర్డులో) ఏదో ఒక తప్పు దొర్లుతుంది, బోర్డు మళ్లీ చేయించాలి, విడిభాగాల కోసం వారాలు ఆగాలి, ఈలోగా రెండో విడత ఆగిపోతుంది. అందుకే రెండోసారి బోర్డు తయారీని, టెస్టింగ్‌ను విడి మైలురాళ్లుగా మొదటే రాయించుకోవాలి. ఈ నిధితో ల్యాబు కట్టుకోకూడదన్న నిబంధన కూడా ఆ వ్యాసంలో చెప్పాల్సింది.