సర్రే-గిల్ఫర్డ్ నియోజకవర్గం గారికి, ఆ 14 ఓట్ల విషయమై

మహారాజశ్రీ సర్రే-గిల్ఫర్డ్ నియోజకవర్గం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా (బీసీ) ప్రావిన్స్ శాసనసభ ఎన్నికల్లో, 2024 నవంబర్ 8 శుక్రవారం నాడు, సర్రే నగరంలోని తమరి ఓట్లు జడ్జిగారి పర్యవేక్షణలో మరోసారి లెక్కపెట్టి, ఎన్‌డీపీ (న్యూ డెమొక్రటిక్ పార్టీ) తరఫున నిలబడ్డ గ్యారీ బెగ్ గారు 22 ఓట్లతో గెలిచారని తేల్చినట్టు తెలిసి పరమానందం కలిగింది. పోలింగ్ జరిగింది అక్టోబర్ 19న. మూడు వారాలు నిండకముందే తేల్చేశారు. తమరి వేగానికి జోహార్లు.

తమరి ఘనత గురించి బీసీలో ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మొత్తం 93 స్థానాలు, మెజారిటీకి 47 కావాలి. మిమ్మల్ని పక్కనబెడితే ఎన్‌డీపీ నాయకుడు డేవిడ్ ఈబీ గారి చేతిలో ఉన్నవి 46. మీరు చేరారు, 47 అయింది, ప్రభుత్వం నిలబడింది. ఆ 47లోంచి ఒకరు స్పీకర్ కుర్చీలో కూర్చుంటే, ఎన్నికల నాటి లెక్కన సభలో ఇటు 46, అటు కన్సర్వేటివ్‌లు 44, గ్రీన్‌లు 2 కలిపి 46. ఏ బిల్లు మీద పట్టుదల వచ్చినా స్పీకర్ చెయ్యెత్తితే తప్ప కదలదు. తమరి దగ్గర గ్రీన్ పార్టీకి పడ్డ ఓట్లే ఈ 22కి ఎన్నో రెట్లు. ఇంతమంది తలరాత మోస్తున్న నియోజకవర్గం లెక్క ఎలా ఉండాలి? అద్దంలా ఉండాలి. ఎలా ఉందో చూద్దాం.

పోలింగ్ రాత్రి: కన్సర్వేటివ్ అభ్యర్థి హోన్‌వీర్ సింగ్ రంధావా 103 ఓట్ల ఆధిక్యం. వారం తర్వాత పోస్టులో వచ్చినవి కలిపాక ఆయనకి మిగిలింది 12. అక్టోబర్ 28 సోమవారం, ఆఖరి విడత పూర్తయ్యేసరికి బెగ్ గారు 27 ముందుకి. కోర్టు రీకౌంటింగ్‌లో ఆ 27 కాస్తా 22. ఆ రోజుల్లో మీ ఇద్దరు అభ్యర్థుల బీపీ ఎవరైనా చూశారో లేదో.

ఒక్క మాట. ఈ తొమ్మిది రోజుల ఆలస్యానికి మిమ్మల్ని ఆడిపోసుకునేవాళ్ళతో నేను గొంతు కలపను. అది మోసమూ కాదు, మంత్రమూ కాదు. పోస్టులో వేసే ఓటు కవరులో కవరు పని. బ్యాలెట్ లోపలి కవర్లో, దాన్ని సంతకం చేసే బయటి కవర్లో పెట్టి పంపాలి. పోలింగ్ రోజు రాత్రి 8 గంటలకల్లా చేరాలి. చేరినవాటిలో ఒక్కో కవరు తీసుకుని, ఈ మనిషి బూత్‌కి కూడా వెళ్ళి ఓటేశాడా అని జాబితాతో సరిచూడాలి. వెయ్యలేదని తేలాకే పై కవరు చింపి, లోపలి కవరు వేరు చేసి, ఎవరిదో తెలియకుండా కలిపేసి, అప్పుడు లెక్కించాలి. దీనికి టైము పడుతుంది, పట్టాలి కూడా. ఇంకా లెక్కపెట్టాల్సినవి మొదట 49 వేలన్నారు, తీరా చూస్తే 65 వేలు దాటాయి. ఆ పెరుగుదల చూసి గుండెలు బాదుకున్నవాళ్ళకి కూడా జవాబు ఈ కవర్లలోనే ఉంది. మొదట చెప్పింది అంచనా, తర్వాత తేలింది అసలు సంఖ్య. ఓట్లు ఆ మధ్యలో పుట్టలేదు.

పోనీ ఇలాంటి ఉత్కంఠ మీతోనే మొదలైందా అంటే అదీ కాదు. బీసీలోనే 2005లో వ్యాంకూవర్-బరార్డ్ 11 ఓట్లతో తేలింది. 2009లో డెల్టా సౌత్‌లో సాక్షాత్తు అటార్నీ జనరల్ వాలీ ఓపల్ గారు 32 ఓట్లతో ఒక ఇండిపెండెంట్ చేతిలో ఓడారు. 2017లో కోర్ట్‌నీ-కోమాక్స్ పోలింగ్ రాత్రి 9 ఓట్ల తేడా చూపించి, రెండు వారాలు అందరినీ గోళ్ళు కొరికించి, చివరికి 189 అంది. మన విజయవాడ సెంట్రల్ 2019లో 25 ఓట్లతో తేలింది కదా, ఆ రాత్రి టీవీల ముందు కూర్చున్నవాళ్ళకి ఇదంతా కొత్తేం కాదు.

కాబట్టి తేడా తక్కువైనందుకు తగువు లేదు. ఆలస్యానికీ తగువు లేదు. తగువల్లా 14 దగ్గర.

నవంబర్ 4 సోమవారం, అంటే లెక్క అంతా ముగిసిందని ప్రకటించిన వారానికి, కోర్టు రీకౌంటింగ్‌కి నాలుగు రోజుల ముందు, ప్రావిన్స్ ప్రధాన ఎన్నికల అధికారి ఆంటన్ బోగ్‌మన్ గారు ఒక ప్రకటన చేశారు. ప్రిన్స్ జార్జ్-మకెంజీలో 861 ఓట్లున్న పెట్టె ఒకటి లెక్కలోకి రాలేదట. అది కాక, సొంత నియోజకవర్గం బయట ఓటేసినవాళ్ళ ఓట్లు కొన్ని ఫలితాల నమోదులో తప్పిపోయాయట. ఒకటి రెండు చోట్ల కాదు, 93లో 69 చోట్ల. సగటున ఒక్కో చోట 11. తమరి వాటా 14.

పధ్నాలుగు!

అందరూ ఆ 861 పెట్టె మీద పడ్డారు. పేపర్లకి పెట్టె కనిపిస్తుంది, ఫొటోకి పనికొస్తుంది. నన్నడిగితే ఆ పెట్టె నయం. అక్కడ గెలిచినాయన ఆధిక్యం వేలల్లో ఉంది. పైగా పెట్టె అన్నది బరువున్న వస్తువు. అరలో ఉంటుంది, ఎవడో ఒకడి కాలికి తగులుతుంది, ఇదేంటని అడుగుతాడు. మీ 14కి ఆ భాగ్యం లేదు. బ్యాలెట్ మీద గడి నింపారు, మెషీన్ చదివింది, పెట్టెలో పడింది, అంతా సవ్యం. ఆ అంకె ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎక్కాల్సినప్పుడు ఎక్కలేదు, అంతే. చప్పుడు లేదు, ఖాళీ కూడా కనిపించదు. కూడికలో లేని వరస కూడికని తప్పుగా చూపించదు.

ఈ తప్పు ఎక్కడ పుడుతుందో తెలియనిది కాదు. బీసీలో ఓటరు ప్రావిన్స్‌లో ఏ పోలింగ్ కేంద్రానికైనా వెళ్ళి ఓటెయ్యొచ్చు. పని మీద కమ్లూప్స్‌లో ఉన్న మీ ఓటరు అక్కడే వేసేస్తాడు. గొప్ప సౌకర్యం, కాదనను. కానీ దానివల్ల ఒక్కో కేంద్రంలో స్థానిక ఓట్ల పెద్ద మొత్తం పక్కన ఇతర నియోజకవర్గాల ఓట్లు ఒకటీ రెండూ మూడూ చొప్పున చిల్లరగా పోగవుతాయి. పెద్ద మొత్తం ఎవరూ మర్చిపోరు. చిల్లరే జారిపోతుంది. పెళ్ళిలో చదివింపుల పుస్తకం రాసినవాళ్ళనడగండి, అయిదు వేలు చదివించినవాడి పేరు ఎప్పుడూ తప్పిపోదు, మూలన నిలబడి యాభై ఒకటి ఇచ్చినవాడిదే తప్పిపోతుంది. అందుకే అక్కడ పెళ్ళివారు నిద్రపోయేముందు పుస్తకంలో మొత్తమూ సంచిలో డబ్బూ సరిచూసుకుంటారు.

మీకు ఆ ఇంగితం ఎందుకు లేకపోయింది?

అడగాల్సిన అంకెలు నాలుగే. జాబితాలో ఓటేసినట్టు టిక్కు పడ్డవాళ్ళెంతమంది. పెట్టెలో కాగితాలెన్ని. మెషీన్ టేపు మీద అచ్చయిన మొత్తమెంత. ఫలితాల కంప్యూటర్‌లోకి ఎక్కిన మొత్తమెంత. నాలుగూ కలిస్తే ఇంటికెళ్ళొచ్చు, కలవకపోతే ఆ రాత్రే వెతకాలి. కేంద్రం కేంద్రానికీ, నియోజకవర్గం నియోజకవర్గానికీ విడివిడిగా. మన దగ్గర పోలింగ్ ఏజెంటుగా ఒక్కసారి కూర్చున్న కుర్రాడికి కూడా 17సి ఫారం అంటే ఏమిటో తెలుసు. సాయంత్రం ప్రిసైడింగ్ ఆఫీసర్ ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి సంతకం పెట్టి ఏజెంట్లకి కాపీ ఇస్తాడు. కౌంటింగ్ రోజు ఈవీఎం చూపించే మొత్తం ఆ కాగితంతో కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా టేబుల్ దగ్గర గోల మొదలు. మన ఎన్నికల్లో సవాలక్ష జబ్బులున్నాయి, ఆ ఫారం మాత్రం ఏజెంటు జేబులో భద్రంగా ఉంటుంది.

దీనికి బోగ్‌మన్ గారి సంజాయిషీ: మానవ తప్పిదం. సిబ్బంది రోజుకి 14 గంటలు పనిచేశారు, పోలింగ్ రోజున వాన ముంచెత్తింది. రెండూ నిజమే. 19న కురిసిన వాన మామూలు వాన కాదు. పొద్దున 8కి తలుపులు తీసి రాత్రి 8కి మూసే మనిషి దానికి ముందు బల్లలు సర్దాలి, తర్వాత మెషీన్లు కట్టాలి. కాళ్ళు పీకుతున్న వేళ చిల్లర అంకెలు చదివించడం అన్యాయం. సరే, మరి ఆ రాత్రికీ 28కీ మధ్య తొమ్మిది రోజులున్నాయి కదా? వాన తగ్గింది కదా? నిద్రపోయారు కదా?

అసలు ఒళ్ళు మండేది ఆ తర్వాత వినిపించిన సమర్థింపుకి. 14 ఓట్లూ ఓడినాయనకే పడ్డాయనుకున్నా 27లోంచి 14 తీస్తే ఇంకా 13 మిగులుతాయి, ఫలితం మారదు కదా, గొడవెందుకు అని. ఏవయ్యా, ఫలితం మారితేనే ఓటు లెక్కపెడతావా? అలాగైతే సర్రేలో సగం బూత్‌లు మూసెయ్యి, ఖర్చు కలిసొస్తుంది. ఆ 14 మంది నీ ఫలితం మార్చడానికి రాలేదు, వాళ్ళ ఓటు వాళ్ళు వెయ్యడానికొచ్చారు. ఊరు కాని ఊళ్ళో పోలింగ్ కేంద్రం వెతుక్కుని, గుర్తింపు కార్డు చూపించి, నీ పేరు చెప్పి మరీ వేశారు. నీ 22 తేడాలో 14 అంటే దాదాపు మూడింట రెండొంతులు. ఒక్కో ఓటూ విలువైనదే అని ఆర్నెల్ల ముందునుంచీ పోస్టర్లు. తీరా ఓటేశాక వాడి ఓటు ఏ గడిలోకీ ఎక్కలేదు. ఎక్కలేదని నీకే రెండు వారాలు తెలియలేదు! సిగ్గుండాలి.

క్షమించాలి, మర్యాద తప్పాను. మళ్ళీ తమరు, గారు అంటూ మొదలుపెడతాను.

తమరి చరిత్ర చూసినా ఈ నిలకడలేనితనమే. 1986లో వాలీ అనే పక్క పేటతో కలిసి జంట పేరుతో ఉన్నారు, ఆ పేరు 1991కల్లా మాయం. మళ్ళీ ఒంటరిగా వెలిసింది 2017లో. అంతకుముందు 2013లో సర్రే-టైన్‌హెడ్‌లో గెలిచి మంత్రి అయిన లిబరల్ అమ్రిక్ విర్క్ గారు ఆ ఏడాది మీ దగ్గర నిలబడి బెగ్ గారి చేతిలో ఓడారు. ఇద్దరూ మాజీ ఆర్‌సీఎంపీ వాళ్ళే, అంటే మీకు ఎటు తిరిగినా పోలీసే. ఆ ఎన్నికలో పోర్ట్ మాన్ వంతెన టోలు మీ చుట్టుపక్కల ఇళ్ళల్లో రోజూ మోగిన మాట. కారుకి దాటిన ప్రతిసారీ 3.15 డాలర్లు. లిబరల్స్ ఏడాదికి 500 దాటకుండా చూస్తామన్నారు, ఎన్‌డీపీ మొత్తమే తీసేస్తామంది. గెలిచాక 2017 సెప్టెంబర్ 1న తీసేసింది కూడా. అది నిలబెట్టుకున్న మాట, ఒప్పుకుంటాను. న్యూటన్ నుంచి మీ దాకా వస్తుందన్న ట్రామ్ రైలు సంగతి మాత్రం 2018లో మేయర్ మారగానే అటకెక్కింది. 104వ అవెన్యూలో బస్సు కోసం నిలబడేవాళ్ళు ఆ సంగతి ఇంకా మర్చిపోలేదు.

2024కి సభ 87 నుంచి 93 అయింది, సర్రేకి ఒక సీటు పెరిగి 10 అయ్యాయి, గీతలన్నీ మళ్ళీ గీశారు. ఆ మాట మర్చిపోయి 2020 ఆధిక్యాన్ని ఇప్పటి 22తో నేరుగా పోల్చి "పతనం" అని హెడ్డింగ్ పెట్టేవాళ్ళకి ఒక సూచన: పాత ఓట్లని కొత్త గీతల్లోకి సర్ది చూశాకే పోల్చండి, లేకపోతే అది వేరే ఊరి లెక్క. పైగా మధ్యలో పాత లిబరల్ పార్టీ బీసీ యునైటెడ్‌గా పేరు మార్చుకుని, ఆగస్టు చివర్లో పోటీ నుంచే తప్పుకుంది. 2001లో 79కి 77 గెలిచిన పార్టీ అది.

ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు అనే ఈ పద్ధతి మార్చే అవకాశం కూడా జనానికి మూడుసార్లు వచ్చింది. 2005లో 57.7 శాతం మార్పు కావాలన్నారు, గీటురాయి 60 పెట్టారు కాబట్టి చాల్లేదు. 2009లో, 2018లో జనమే వద్దన్నారు. అనుభవించండి.

అయినా ఒకటి తమరి పక్షాన చెప్పాలి. తేడా మొత్తం ఓట్లలో ఐదు వందల్లో ఒక వంతుకి తగ్గితే జడ్జి ముందు మళ్ళీ లెక్కపెట్టాలన్నది చట్టం. తమరి ఓట్లకి ఆ గీత ముప్పై పైచిలుకు దగ్గర పడుతుంది, 27 దానికి లోపలే. ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా అది జరిగింది, రెండు పార్టీల మనుషుల ఎదుటే జరిగింది. 27 అన్నది 22 అయింది, అయిందని చెప్పారు. కాగితం బ్యాలెట్ పెట్టెలో ఉంది కాబట్టి సాధ్యమైంది. తప్పు బయటపెట్టింది కూడా బయటివాళ్ళు కాదు, లెక్కపెట్టినవాళ్ళే. ఇది చిన్న విషయమేమీ కాదు, దాచిపెట్టి ఉంటే ఎవరికి తెలిసేది?

కాకపోతే వచ్చేసారికి ఆ నాలుగు అంకెల కాగితం తయారు చేయించండి. కేంద్రానికొకటి, ఇతర నియోజకవర్గాల చిల్లరకి వేరే గడి, కింద రెండు సంతకాలు. నాలుగో అంకె కలవందే ఫలితం బటన్ నొక్కనివ్వకండి.

ఇట్లు,
తమరి శ్రేయోభిలాషి

తా.క.: వచ్చేసారి ఆధిక్యం కనీసం మూడంకెల్లో ఉండేట్టు చూడగలరు. గ్రీన్ వాళ్ళని కూడా అడిగి చూడండి, వాళ్ళ దగ్గర ఉన్నాయి.