రమ్మన్నవాళ్లే రుజువు అడిగితే ఎలా

మణిపూర్, మిజోరంలలో మిగిలిపోయిన బ్నే మెనాషే జనాన్ని, అంటే తమది ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రమని నమ్మేవాళ్లని, సుమారు 5,800 మందిని, 2030 కల్లా ఇజ్రాయెల్‌కి తీసుకెళ్లిపోతామని 2025 నవంబర్లో అక్కడి కేబినెట్ తీర్మానం చేసింది. మంచిదే. తల్లి అక్కడ, కొడుకు ఇక్కడ అని ఏళ్ల తరబడి విడిపోయిన ఇళ్లు కలుస్తాయి. కానీ వీళ్లని యూదులనే పేరు మీదే విమానం ఎక్కించి, దిగాక మళ్లీ యూదు మతంలోకి మారండి, మారాకే పౌరసత్వం అంటున్నారు. ఇంకోపక్క అదే ప్రభుత్వాన్ని నిలబెడుతున్న మతపార్టీలు, యూదులు వచ్చి పౌరసత్వం తీసుకునే రిటర్న్ చట్టంలో మనవళ్లకీ ఆ హక్కు ఇచ్చే క్లాజు సంగతి తేల్చాలని 2022 చివర్లో కూటమి ఒప్పందాల్లోనే రాయించుకున్నాయి, ఆ డిమాండ్ ఇప్పటికీ వదల్లేదు. జనం తక్కువయ్యారని ఈశాన్యం దాకా వచ్చి పిలుచుకెళ్లే చేతులే, తాత ఒక్కడు యూదుడైతే చాలదు పొమ్మనడానికి రెడీ అవుతున్నాయి.

ఇందులో ఏదో పొరపాటు జరిగిందని మేం అనుకోవట్లేదు. ఆ దేశం తెలిసీ తెలిసీ రెండు కౌంటర్లు పెట్టుకుని నడుస్తోంది. మొదటి కౌంటర్ 1950 నాటి రిటర్న్ చట్టం. 1970లో సవరించాక యూదుల పిల్లలు, మనవళ్లు, వాళ్ల భార్యాభర్తలు అందరూ రావచ్చు, పౌరసత్వం ఇస్తారు, ఆర్మీలోకి తీసుకుంటారు, టాక్స్ కట్టించుకుంటారు. నాజీలు 1935లో నూరెంబర్గ్ చట్టాలు రాసింది తాతలూ అమ్మమ్మలూ ఎవరో లెక్కపెట్టే, అలా వేటాడబడ్డవాళ్లకి తలదాచుకునే చోటు ఉండాలంటే మనవళ్లని బయట పెట్టి ఎలా కుదురుతుంది? రెండో కౌంటర్ రబ్బినేట్, అంటే యూదు మతపెద్దల ప్రభుత్వ ఆఫీసు. 1953 చట్టం యూదుల పెళ్లి, విడాకులు మొత్తం మత కోర్టుల చేతికి ఇచ్చేసింది, సివిల్ మ్యారేజ్ అనేది ఆ దేశంలో ఇవాళ్టికీ లేదు. అక్కడ తల్లి యూదురాలై ఉండాలి, లేదంటే వాళ్లు ఒప్పుకున్న పద్ధతిలోనే మారి ఉండాలి, అంతే. మొదటి కౌంటర్లో నువ్వు మనవాడివే అని స్టాంప్ కొట్టిన ప్రభుత్వమే రెండో కౌంటర్లో నువ్వెవరు అని అడుగుతోంది, రెండు కౌంటర్లకీ జీతాలిచ్చేది ఒకే ఖజానా.

సోవియట్ యూనియన్ నుంచి వచ్చినవాళ్ల సంగతే చూడండి. 1989 తర్వాత పది లక్షలకి పైగా వచ్చారు. అక్కడ పాస్‌పోర్ట్‌లో అయిదో గడి అని ఒకటుండేది, జాతి రాసే గడి, అందులో యెవ్రేయ్, అంటే యూదు, అని ఉంటే యూనివర్సిటీ సీటు దగ్గర, ఉద్యోగం దగ్గర, ప్రమోషన్ దగ్గర అడ్డం పడేది. ఆ ఒక్క మాట మోసినందుకు జీవితమంతా దెబ్బలు తిన్న మనిషి టెల్ అవీవ్‌లో దిగి కూతురి పెళ్లికి రబ్బినేట్ మెట్లెక్కితే ఆ గడి తండ్రి వైపుదా తల్లి వైపుదా అని అడుగుతారు, అమ్మమ్మ పుట్టిన కాగితం తెమ్మంటారు, సమాధి రాయి ఫోటో తెమ్మంటారు, ఇంట్లో పెద్దవాళ్లు తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ మాట్లాడేవాళ్లా అని ఆరా తీస్తారు. కొన్ని కేసుల్లో డీఎన్ఏ టెస్ట్ దాకా వెళ్లిందని 2019లో బయటపడి పెద్ద గొడవైంది. అమ్మమ్మ ఊరు యుద్ధంలో కాలిపోయింది, కాగితాలూ పోయాయి, ఎక్కణ్ణుంచి తెస్తారు? ఇవాళ ఆ దేశంలో సుమారు 5 లక్షల మంది రికార్డుల్లో ఏ మతమూ లేనివాళ్లుగా ఉన్నారు. హీబ్రూ మాట్లాడతారు, పండగలు చేసుకుంటారు, పిల్లల్ని ఆర్మీకి పంపుతారు, పెళ్లికి మాత్రం సైప్రస్ విమానం ఎక్కాలి, లేదంటే అమెరికాలోని యూటా ఆఫీసు ముందు వీడియో కాల్‌లో చేసుకోవాలి. బయట చేసుకున్న పెళ్లిని రిజిస్టర్ చేస్తారట, సొంత ఊళ్లో మాత్రం చేయరు!

రబ్బినేట్ వైపు వాదనా ఉంది, ప్రపంచంలో కోటిన్నరకి పైగా మాత్రమే ఉన్న చిన్న జాతి, హద్దులు వదిలేస్తే రెండు మూడు తరాల్లో కలిసిపోతామన్న భయం, వేల ఏళ్లు కాపాడుకున్న నియమం. ఆ భయం అబద్ధమని మేం అనం. కానీ నియమం అంత పవిత్రమైతే సైన్యంలో చేర్చుకునే రోజు అది ఎక్కడికి పోతోంది? తుపాకీ ఇచ్చేటప్పుడు అమ్మమ్మ ఎవరని అడగరు. 1993లో లెబనాన్‌లో చనిపోయిన ఒక రష్యన్ వలస కుటుంబం కుర్రాణ్ణి బేత్ షెయాన్ శ్మశానంలో మిగతా సైనికుల వరసలో పెట్టకుండా పక్కకి పెట్టారు, కారణం తల్లి యూదురాలు కాదని. తర్వాత ఆర్మీ తన పద్ధతి కొంత మార్చుకుంది, కానీ ఆ తల్లి ఆ రోజు శ్మశానంలో విన్న మాటని ఎవరు వెనక్కి తీసుకోగలరు?

అసలు ఈ రెండు కౌంటర్ల దెబ్బ మొట్టమొదట తిన్నవాళ్లలో మన దేశం వాళ్లు ఉన్నారు. కొంకణ్ తీరంలో బెనే ఇజ్రాయెల్ అనే యూదులు నూనె గానుగలు ఆడించేవాళ్లు, శనివారం గానుగ ఆపేస్తారని చుట్టుపక్కల జనం వాళ్లని శనివార్ తేలీలు అనేవాళ్లు. మిగతా యూదులతో దాదాపు సంబంధం లేకుండా శతాబ్దాల పాటు శనివారం వదల్లేదు, సున్తీ వదల్లేదు. అలాంటి వాళ్లు వెళ్తే 1960ల మొదట్లో రబ్బినేట్ వీళ్ల పెళ్లిళ్లకి తల్లి వైపు పైతరాలన్నీ తవ్వి చూడాలని ఆర్డర్ వేసింది. వీళ్లు జెరూసలేంలో రోడ్డెక్కారు, దీక్షలు చేశారు, ఆఖరికి 1964లో ప్రభుత్వం, పార్లమెంటు కలగజేసుకుని వీళ్లు అన్ని విధాలా యూదులే అని చెప్పాల్సి వచ్చింది. అప్పుడే ఆ పద్ధతి మొత్తాన్ని తీసేసి ఉంటే ఇవాళ ఈ సంపాదకీయం రాసే పని ఉండేది కాదు. తీయలేదు, బెనే ఇజ్రాయెల్ అనే పేరు తీసి అనుమానం ఉన్న ఎవరికైనా అని మార్చారు. అంటే కత్తి అక్కడే ఉంది, మెడ మారింది. తర్వాత ఆ మెడ ఇథియోపియా వాళ్లదైంది. 1991 మేలో 36 గంటల్లోపే 14,000 మందికి పైగా విమానాల్లో తెచ్చి లోకమంతా చప్పట్లు కొట్టించుకున్న దేశం, అంతకు ముందు వచ్చిన వాళ్లని నీళ్లలో మునిగి మళ్లీ మతం పుచ్చుకోండంది, 1985లో వాళ్లు రబ్బినేట్ ఎదురుగా వారాల తరబడి కూర్చున్నారు. 1996లో అయితే వీళ్లు దానం చేసిన రక్తాన్ని వాడకుండా చాటుగా పారబోస్తున్నారని తెలిసి వేలమంది రోడ్ల మీదకి వచ్చారు.

పోనీ చెప్పినట్టే మతం మారితే గొడవ వదులుతుందా అంటే అదీ లేదు. ఆర్థడాక్స్, అంటే సంప్రదాయ, రబ్బీలే (మతపెద్దలే) చేయించిన వేల మార్పిడులు చెల్లవని 2008లో పై స్థాయి మత కోర్టు ఒక తీర్పులో తేల్చేసింది, 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసేదాకా ఆ కుటుంబాలు నిజంగా ఎవరో తెలియని స్థితిలో బతికాయి. 2021 మార్చిలో రిఫార్మ్, కన్జర్వేటివ్ అనే, ఆర్థడాక్స్ కాని యూదు శాఖల పద్ధతుల్లో దేశంలోనే మారినవాళ్లకి కూడా రిటర్న్ చట్టం వర్తిస్తుందని అదే కోర్టు చెప్పింది, మళ్లీ మొదటి కౌంటర్లోనే, రెండోది ఇప్పటికీ వాళ్లని లోపలికి రానివ్వదు. ఒకసారి ఒకళ్లని రుజువు అడగనిస్తే రేపు ఎవర్నైనా అడుగుతారు. అరవై ఏళ్లుగా ఇదే నడుస్తోంది, మనవళ్ల క్లాజు తీసేస్తే అడగడం కూడా ఉండదు, గేటు దగ్గరే ఆపేస్తారు.

బ్నే మెనాషే వాళ్లని ఎక్కడ పెట్టారో కూడా గుర్తు చేయాలి. 2005లో ఇజ్రాయెల్ ఇద్దరు చీఫ్ రబ్బీల్లో ఒకరైన సెఫార్డిక్ చీఫ్ రబ్బీ వీళ్లని మనష్షే గోత్రపు సంతతిగా ఒప్పుకున్నారు, ఒప్పుకుంటూనే మార్పిడి తప్పదన్నారు. మొదట్లో వచ్చినవాళ్లలో చాలామందిని గాజాలోని గుష్ కతీఫ్‌లో, వెస్ట్ బ్యాంక్‌లోని కిర్యత్ అర్బాలో పెట్టారు, అంటే అవి పాలస్తీనా వాళ్ల భూమి మీద ఆక్రమణ ఊళ్లు, ఎప్పుడు రాయి పడుతుందో తెలియని చోట్లు. ఇప్పుడు ఉత్తరాన నోఫ్ హగలీల్ ఊరు అంటున్నారు. ప్రాంతాన్ని బలపరచడానికి అని ప్రభుత్వమే చెప్తోంది. సరిహద్దు నింపడానికి యూదులు, పెళ్లి ముహూర్తానికి అనుమానితులు. ఈ మాట ఎన్నిసార్లైనా అంటాం.

మనకి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీము వాళ్లు ఉన్నారు, తెలుగు మాట్లాడే, ఎక్కువగా మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన, కూలి పనులకి వెళ్లే జనం. తమది ఎఫ్రాయీము గోత్రమని నమ్ముతారు, 1990ల మొదట్లో చిన్న సినగాగ్, అంటే యూదు ప్రార్థనా మందిరం, కట్టుకున్నారు, పిల్లలకి హీబ్రూ అక్షరాలు దిద్దిస్తారు, శనివారం పనికి పోరు. రోజు కూలి మీద బతికే ఇంట్లో వారానికి ఒక రోజు కూలి మానుకోవడం అంటే ఏంటో తెలిసినవాళ్లకి ఆ నమ్మకం బరువు అర్థమవుతుంది. వీళ్లకి మొదటి కౌంటరే తెరుచుకోలేదు, ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు. వీసా కోసం వేషం అని వీళ్లని ఈజీగా అనేసే పెద్దమనుషులు మన దగ్గరా ఉన్నారు, రష్యన్ డాక్టర్ వెళ్తే ఆ మాట అనరు, కూలివాడు వెళ్తానంటేనే అంటారు. ఇక్కడ మనకీ 1950 నాటి ఆర్డర్ ఒకటుంది, దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. వాడలో అంటరానితనం చూపించేవాడు ఏ గుడికెళ్తావని అడగడు, తహసీల్దార్ ఆఫీసులో మాత్రం అడుగుతారు. అందుకే ఈ రెండు కౌంటర్ల బాధ మన పాఠకులకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో నీలం తెలుపు జెండా పెట్టుకుని అదొక్కటే ఆదర్శ దేశం, ఒకే జాతి ఒకే మాట అని రోజూ పోస్టులు పెట్టేవాళ్లకి ఒక మాట. ఆ ఒకే జాతి అన్నది అక్కడి మ్యారేజ్ రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే తేలలేదు. అక్కడ పౌరుల్లో ఐదోవంతు ఉన్న అరబ్బుల సంగతి వేరే చెప్పాలి, యూదుల మధ్యే ఈ గతి.

జెరూసలేం పార్లమెంటులో కూర్చున్న 120 మందీ వినండి. చురాచాంద్‌పూర్ నుంచి, ఐజాల్ నుంచి వచ్చేవాళ్లని ఎయిర్‌పోర్ట్‌లో జెండాలూపి, పాటలు పాడి, కెమెరాల ముందు కౌగలించుకోబోయేది మీ మంత్రులే. సివిల్ మ్యారేజ్ బిల్లు ఎన్నిసార్లు వచ్చినా పడగొట్టిందీ మీ పార్టీలే, మతపార్టీల మద్దతు పోతుందని. ధైర్యం ఉంటే ముందు ఆ బిల్లు పాస్ చేయండి, మనవళ్ల జోలికి పోవడం మానండి, ఆ తర్వాత విమానం పంపండి. అది చేతకాకపోతే కౌగలించుకోవడానికి ముందే ఆ పిల్లలకి నిజం చెప్పండి, ఆర్మీకి పనికొస్తారు, పెళ్లికి మాత్రం రుజువు తేవాలని.