ముందు ఆ ట్యూబ్‌లైటు ఆర్పేయండి

"తక్కువ ఖర్చులో ఇంట్లో పార్టీ" అని ఎవరైనా సలహాలు మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రతి సలహా ఏదో ఒకటి కొనమనే చెప్తుంది మరి. బంగారు రంగు ప్లాస్టిక్ ప్లేట్లు కొనండి, బెలూన్లు కొనండి, గోడకు కట్టడానికి మెరిసే తెర కొనండి. ఒక్కొక్కటీ చవకే. అన్నీ కలిపి చూసుకుంటే కళ్ళు తిరుగుతాయి. మర్నాడు పొద్దునకల్లా అవన్నీ చెత్తబుట్టలో ఉంటాయి.

నేనూ ఆ గోతిలో పడ్డదాన్నే. ఓసారి మా పెళ్ళిరోజుకి 20 మందిని పిలిచాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఫోన్లో చూసిన ఫొటోలాగే హాలంతా ముస్తాబు చేశాను. ఏడు రకాల వంటలు. తీరా అందరూ వచ్చేసరికి నేను వంటింట్లో చెమటలు కక్కుతున్నాను, వాళ్ళు హాల్లో ఫోన్లు చూసుకుంటున్నారు. వెళ్ళేటప్పుడు మా ఆడపడుచు, "అంతా బాగుంది వదినా, నీతో రెండు మాటలు మాట్లాడే వీలే దొరకలేదు" అంది. దెప్పలేదు, మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి కొనడం మానేసి తీసేయడం మొదలుపెట్టాను.

మొదట తీసేయాల్సింది మనుషుల్ని. మొహమాటం కాసేపు పక్కన పెట్టి లెక్క చూడండి. గదిలో 12 మంది ఉంటే ఇద్దరిద్దరు కలిసి మాట్లాడుకోవడానికి 66 జంటలవుతాయి. ఆరుగురైతే 15. 12 మందిలో ఒకరు చెప్పే కబురు అందరికీ చేరదు, మూడు గుంపులైపోతారు, వడ్డించే మనిషి ఏ గుంపులోనూ ఉండదు. పైగా ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. 12 మందంటే గదిలో హీటరు పెట్టినట్టే. ఎంతమందిని పిలిచినా సరే, బయట చల్లగా ఉంటే వాళ్ళు వచ్చే అరగంట ముందే కిటికీలు తీసి పెట్టండి.

ఇక వెలుతురు. ఇల్లు అందంగా కనబడాలంటే అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. నడినెత్తిన ఒకటే లైటు వెలుగుతుంటే ఎవరి కళ్ళ కింద చూసినా నీడలే, అందరూ జబ్బు నుంచి లేచినట్టు ఉంటారు. బల్బు పెట్టె మీద ఒక అంకె, పక్కన కె అనే అక్షరం ఉంటాయి. 6500 ఉంటే ఆఫీసు తెలుపు. 2700 ఉంటే పొద్దుగూకే వేళ పసుపు. మీ పడకగది లాంప్, పిల్లల చదువు లాంప్ తెచ్చి గది మూలల్లో, కూర్చున్నవాళ్ళ కళ్ళ ఎత్తులో, కాంతి గోడకు తగిలేలా పెట్టండి. పై లైటు ఆర్పేయండి. అంతే, ఫ్యాను మీది దుమ్ము మాయం, గోడ పెచ్చులు మాయం. మా సోఫా కుట్టు ఊడి ఏడేళ్ళయింది. దీపం అవతలి మూలకి మార్చాక దాని సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కాంతి తగ్గించాలని లాంప్ మీద గుడ్డ మాత్రం కప్పకండి, నిప్పంటుకోవచ్చు. తినే చోట సెంటు కొవ్వొత్తులు కూడా వద్దు, వంట వాసన చచ్చిపోతుంది.

గ్లాసులు ఒక సెట్టువి కాకపోయినా ఫర్వాలేదు, మసకగా మాత్రం ఉండకూడదు. వాటి మీద తెల్లగా పేరుకునేది ఉప్పునీళ్ళలోని కాల్షియం. సబ్బుతో పోదు. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి నానబెడితే వదిలిపోతుంది. తర్వాత బాగా వాడి పల్చబడ్డ నూలుగుడ్డతో తుడవండి. కొత్త గుడ్డయితే నూగు అంటుకుంటుంది.

వంట విషయానికి వస్తే, వేడివేడిగా ఒక్కటి చాలు. అదీ మీకు బాగా చెయ్యి తిరిగినదే. వచ్చినవాళ్ళ మీద కొత్త వంట ప్రయోగాలు చేయకండి. మిగతావన్నీ చల్లగా తినగలిగేవి పెట్టుకుంటే, తలుపు తట్టే వేళకి మీకు పొయ్యి దగ్గర పనే ఉండదు. వండినవి బయట 2 గంటలకు మించి ఉంచకూడదు కాబట్టి సగం టేబుల్ మీద, సగం ఫ్రిజ్‌లో. ఐసు నాలుగు రోజుల ముందు నుంచే గడ్డకట్టించి సంచుల్లో దాచండి, మనిషికి అరకిలో చొప్పున. ఎక్కువనిపిస్తుంది గానీ చివరికి మిగలదు.

"ఒక్క వంటే పెడితే పిసినారి అనుకోరా?" అని మా ఆయన కూడా అడిగాడు. రకాలు తక్కువైతే ఎవరూ అనుకోరు. రెండోసారి వడ్డించుకోబోతే గిన్నె అడుగు కనబడిందనుకోండి, అప్పుడు అనుకుంటారు.

ఇంకో రోగం ఉంది మనకి. "ఏదో మాకు తోచింది చేశాం, ఉప్పు ఎక్కువైందేమో, ఇల్లు కాస్త ఇరుకు..." అని కూర్చోబెట్టిన దగ్గర్నుంచీ సంజాయిషీలు. పాపం, వాళ్ళు తినడం ఆపి మనల్ని ఓదార్చాలి. దీనికి ఖర్చేమీ లేదు, మానేయొచ్చు. నాకూ ఇంకా పూర్తిగా పోలేదు, నాలుక కరుచుకుంటూ ఉంటాను.

మొన్న ఆరుగురమే. మా ఆడపడుచు వెళ్ళేముందు వంటింట్లోకి వచ్చి, నేను వద్దంటున్నా వినకుండా గ్లాసులు తుడుస్తూ నిలబడింది. చాలాసేపు మాట్లాడుకున్నాం, చాలావరకు మా అత్తగారి గురించే. మధ్యలో ఒక గ్లాసు లాంప్ వైపు ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇవి కొత్తవా వదినా?"

పన్నెండేళ్ళ కింద తనే ఇచ్చింది.