ఊపిరితిత్తుల క్యాన్సర్: రకం తేలకముందే మందు మొదలుపెట్టవచ్చా?

ఊపిరితిత్తిలో గడ్డ ఉందని సీటీ స్కాన్‌లో కనిపించి, అది క్యాన్సరేనని బయాప్సీలో తేలిన రోగి ఇంట్లో అందరిదీ ఒకటే ఆత్రం: చికిత్స ఎప్పుడు మొదలవుతుంది? ఆ ఆత్రం సహజమే. అయితే ఈ జబ్బులో క్యాన్సర్ అని తేలితే రోగ నిర్ధారణ సగమే అయినట్టు. అది ఏ రకం, ఎంత దూరం పాకింది, ఏ జన్యువులో వచ్చిన మార్పు దాన్ని పెంచుతోంది అన్నవి తెలియకుండా తొలి మందు ఎక్కించడం వల్ల కొందరికి మేలు జరగకపోగా, తర్వాత ఇవ్వాల్సిన మంచి మందు కూడా ప్రమాదకరంగా మారుతుంది.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 25 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది. దాదాపు 18 లక్షల మంది దీనితో మరణించారు. వీరందరి జబ్బునూ ఒకే పేరుతో పిలుస్తున్నా, మైక్రోస్కోపు కింద అది ఒకటి కాదు. కణాలు చిన్నగా కనిపించే స్మాల్ సెల్ రకం సుమారు 15 శాతం. ఇది దాదాపు ఎప్పుడూ పొగతాగే అలవాటుతో ముడిపడి ఉంటుంది, చాలా వేగంగా పెరుగుతుంది, బయటపడే నాటికే తరచుగా కాలేయానికో ఎముకలకో మెదడుకో చేరి ఉంటుంది. మిగిలిన 85 శాతం నాన్ స్మాల్ సెల్. అందులో ఎక్కువగా కనిపించే అడినోకార్సినోమా సాధారణంగా ఊపిరితిత్తి అంచుల వైపు పుడుతుంది. ఎన్నడూ పొగ తాగనివారిలో వచ్చేదీ ఎక్కువగా ఇదే. స్క్వామస్ సెల్ రకం పెద్ద శ్వాసనాళాల దగ్గర మొదలవుతుంది. లార్జ్ సెల్ వంటివి తక్కువ.

ఒకప్పుడు స్మాల్ సెల్ అవునా కాదా అన్నది తెలిస్తే డాక్టరుకు సరిపోయేది. నాన్ స్మాల్ సెల్ రకాలన్నింటికీ ఇంచుమించు ఒకే కీమోథెరపీ ఉండేది కాబట్టి అంతకుమించి తెలిసినా ఒరిగేదేమీ ఉండేది కాదు. ఆ తర్వాత వచ్చిన పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు అడినోకార్సినోమాపై బాగా పనిచేసింది గానీ స్క్వామస్ రకంపై పనిచేయలేదు. బెవాసిజుమాబ్ అనే మరో మందు ఇచ్చిన స్క్వామస్ రోగుల్లో కొందరికి ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకంగా రక్తస్రావమైంది. ఈ అనుభవాల తర్వాత కూడా రిపోర్టులో ‘నాన్ స్మాల్ సెల్’ అని మాత్రమే రాసి వదిలేస్తే దాన్ని అసంపూర్ణ నిర్ధారణగానే చూడాలి.

జన్యు పరీక్షల ప్రాధాన్యం 2004 నుంచి పెరిగింది. జెఫిటినిబ్ మాత్ర కొందరిలోనే గడ్డను గణనీయంగా ఎందుకు తగ్గిస్తోందని ఆరా తీస్తే, వారి కణితుల్లో ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉన్నట్టు బయటపడింది. 2007లో ఏఎల్‌కే జన్యువులో మార్పు, తర్వాత రాస్1, రెట్, మెట్, బీర్యాఫ్ వంటి జన్యువుల్లో మార్పులు వెలుగులోకి వచ్చాయి. ఏళ్ల తరబడి మందుకు లొంగదని భావించిన కేర్యాస్ జన్యువులోని ఒక మార్పుకు సైతం 2021లో తొలి మందు అనుమతి పొందింది. మార్పు ఉన్నవారికి దానికి తగిన మాత్రలు కీమో కంటే ఎక్కువ కాలం జబ్బును అదుపులో ఉంచగలవు. లేనివారికి వాటితో ప్రయోజనం ఉండదు.

శరీర రోగనిరోధక శక్తే క్యాన్సర్‌పై పోరాడేలా చేసే ఇమ్యునోథెరపీ విషయం ఇందుకు భిన్నం. కణితి కణాల్లో 50 శాతం లేదా అంతకు మించి పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ కనిపించినవారికి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇచ్చినా మంచి ఫలితం రావచ్చు. అయితే ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిలో ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉన్నా ఈ చికిత్స సాధారణంగా అంతగా పనిచేయదు. పైగా ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చి, జన్యు పరీక్ష ఫలితం వచ్చాక ఈజీఎఫ్ఆర్ మార్పుకు వాడే ఒసిమెర్టినిబ్ మాత్రకు మారితే, ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే ముప్పు పెరుగుతుంది. కొద్ది రోజులు ఆగితే తప్పిపోయే ముప్పు ఇది. ఆయాసం ఎక్కువై ఆగలేని రోగికి ఫలితం వచ్చేదాకా ఇమ్యునోథెరపీ లేకుండా కీమో మాత్రమే మొదలుపెట్టే వీలుంది.

ఇంత సమాచారమూ రావాల్సింది సూదితో తీసిన, దారప్పోగు మందాన ఉండే కణజాలం నుంచి. ప్రయోగశాలలో దాన్ని పలుచని పొరలుగా కోసి, అడినోకార్సినోమాను సూచించే టీటీఎఫ్-1, స్క్వామస్‌ను సూచించే పీ40 వంటి రంగుల పరీక్షలు చేస్తారు. అవసరానికి మించి ఇవి చేస్తే జన్యు పరీక్షకు కణజాలం మిగలదు, రోగి మళ్లీ సూది పొడిపించుకోవాల్సి వస్తుంది. బయాప్సీ చేసే డాక్టరు, పాథాలజిస్టు, క్యాన్సర్ వైద్యుడు ముందే మాట్లాడుకుంటే చాలావరకు తప్పించగల ఇబ్బంది ఇది. రక్త నమూనాతో చేసే లిక్విడ్ బయాప్సీ ఇలాంటప్పుడు ఆదుకుంటుంది. అందులో మార్పు కనబడితే సాధారణంగా నమ్మవచ్చు, కనబడనంత మాత్రాన లేదనుకోకూడదు. కొన్ని కణితులు రక్తంలోకి చాలా తక్కువ డీఎన్ఏనే వదులుతాయి.

జన్యు పరీక్షలు జబ్బు ఇతర అవయవాలకు పాకిన నాలుగో దశకే పరిమితమన్న అభిప్రాయం కూడా పాతబడింది. జబ్బు ఎంత పాకిందో పెట్ సీటీ, అవసరాన్ని బట్టి మెదడు ఎమ్మారై, ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథుల నుంచి తీసిన నమూనాలు చెబుతాయి. తొలి దశల్లో ఆపరేషనే ప్రధాన చికిత్స. ఆపరేషన్‌ను తట్టుకోలేనివారికి గురిపెట్టి ఇచ్చే అధిక మోతాదు రేడియేషన్ ఉంది. ఆపరేషన్ తర్వాత ఏ మందు ఇవ్వాలన్నదీ, మూడో దశలో కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చాక ఇమ్యునోథెరపీ మందు డుర్వాలుమాబ్ ఇవ్వాలా ఒసిమెర్టినిబ్ ఇవ్వాలా అన్నదీ నిర్ణయించడానికి ఈజీఎఫ్ఆర్ ఫలితం కావాలి.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పి తీరాలి. స్మాల్ సెల్ అని తేలితే జన్యు పరీక్షల కోసం ఆగే పని లేదు. కీమో మందులైన ఎటోపొసైడ్‌తో పాటు సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్‌ను వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి. జబ్బు ఛాతీలో ఒకవైపే ఉంటే రేడియేషన్‌ను, విస్తరించి ఉంటే ఇమ్యునోథెరపీని జోడిస్తారు. ఆ రకంలో వారాల జాప్యం నిజంగానే ప్రాణం మీదికి తెస్తుంది.

అసలైన జాప్యం సాధారణంగా బయాప్సీకి ముందే జరుగుతోంది. మూడు వారాలు దాటిన దగ్గును, తెమడలో కనిపించిన రక్తపు చారను, తగ్గని గొంతు బొంగురును పొగ తాగని మనిషికి ఏమవుతుందిలే అని నెలల తరబడి వదిలేస్తారు. ఎక్స్‌రే బాగానే ఉందన్న ధీమా కూడా సరికాదు, చిన్న గడ్డలు అందులో దొరక్కపోవచ్చు. అమెరికాలో బాగా పొగతాగిన 53 వేల మందికి పైగా వ్యక్తులపై జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్స్‌రేకు బదులు తక్కువ మోతాదు సీటీ స్కాన్ ఏటా చేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి.

మాత్రలు బాగా పనిచేసిన రోగుల్లోనూ, ముదిరిన దశలో కొంతకాలానికి జబ్బు సాధారణంగా మందుకు అలవాటుపడి మళ్లీ పెరుగుతుంది. అప్పుడు పాత రిపోర్టును పట్టుకుని కొత్త మందు రాయడం సరికాదు, వీలైతే మళ్లీ బయాప్సీ చేయాలి. ఈజీఎఫ్ఆర్ మార్పుతో మొదలైన అడినోకార్సినోమా కొందరిలో స్మాల్ సెల్‌గా మారుతుంది. అలా మారితే వాడాల్సిన కీమోనే వేరు.